కవ్వం తాడు, అర హార్సు మోటారు

గుంటూరు, ప్రకాశం వైపు ఊళ్లలో సంక్రాంతికో తిరునాళ్లకో బండలాగుడు పందెం పెట్టడం మామూలే. ఒంగోలు జాతి ఎడ్లని పళ్ల లెక్కన విభాగాలు చేస్తారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన పెద్దవి. విభాగానికో బరువు బండ. ఒకాయన చేతిలో గడియారం, ఇంకొకాయన చేతిలో టేపు. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎన్ని అడుగులు లాగిందో మైకులో అరిచి చెబుతారు. బరువు, దూరం, సమయం. ఫిజిక్సు పుస్తకంలో పవర్ అనే మాటకి చెప్పే అర్థం కూడా దాదాపు ఇదే. నేల మీద లాగేటప్పుడు బండ బరువుకి బదులు నేల రాపిడిని లెక్కలోకి తీసుకోవాలి, అంతే తేడా.

జేమ్స్ వాట్ 1780ల్లో ఇంగ్లండులో చేసింది కూడా ఒకరకంగా బండలాగుడు పందెమే. ఆవిరి యంత్రం అమ్మాలి. కొనేవాళ్లకి తెలిసిన బలం గుర్రానిది. అందుకని మర తిప్పే గుర్రం లెక్క తీశాడు. పన్నెండు అడుగుల వ్యాసార్ధమున్న వలయంలో, గంటకి 144 చుట్లు, 180 పౌన్ల లాగుడు. గుణిస్తే నిమిషానికి సుమారు 33,000 అడుగు-పౌన్లు. అదే ఒక హార్స్‌పవర్. ఇప్పటి కొలతల్లో 746 వాట్లు. నిజానికి మామూలు గుర్రం రోజంతా అంత బలంతో లాగలేదు. అమ్మేవాడు కాస్త ఉదారంగానే లెక్క కట్టాడు. మన ఎడ్ల సంగతికొస్తే, పొద్దుటినుంచీ అరక దున్నే ఎద్దు దాదాపు అర హార్సు బలం ఇస్తుందని లెక్క. అంటే ఒక హెచ్.పి. అంటే గుర్రం కాదు, ఒక కాడి ఎడ్లు అనుకోవచ్చు.

ఈ లెక్కలోకి నేను దిగడానికి కారణం ఒక మిత్రుడు. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని విసుగెత్తి, చేత్తో ఏదైనా చేయాలని చెక్క లేత్ కొనే ఆలోచనలో పడ్డాడు. "గిన్నెలు, బొమ్మలు, మంచం కోళ్లు తీయాలంటే ఎన్ని హార్సుల మోటారు కావాలి?" అని అడిగాడు. మా వైపు అందరికీ అలవాటైన ప్రశ్నే. బోరు వేస్తే "ఎన్ని హార్సులు?", కారం మిల్లు పెడితే "ఎన్ని హార్సులు?". జవాబు వెతుకుతుంటే తేలిందేమిటంటే, లేత్ విషయంలో ఈ ప్రశ్న మరీ కొత్తది. దానికి ముందు వేల ఏళ్లపాటు అడిగిన ప్రశ్న వేరు: తాడు ఎవరు లాగుతారు?

లేత్‌కి తెలుగులో పాత మాట ఉంది. తరిమెన. ఇప్పుడు ఎవరూ అనట్లేదు గానీ, తరిమెన పట్టిన వస్తువు లేని ఇల్లు ఒకప్పుడు తక్కువ. పట్టెమంచం కోళ్లు, ఉయ్యాల కడ్డీలు, అప్పడాల కర్ర, పప్పుగుత్తి, బొంగరం, రాట్నంలో గుండ్రటి ముక్కలు. కవ్వం కూడా.

ఆ కవ్వమే తరిమెన ఎలా పనిచేస్తుందో చెప్పేస్తుంది. మజ్జిగ చిలికేటప్పుడు ఏం చేస్తారు? కవ్వాన్ని గుంజకి నిలబెట్టి, దానికి తాడు రెండు చుట్లు చుట్టి, ఒక చేత్తో ఈ కొస, ఇంకో చేత్తో ఆ కొస లాగుతారు. కవ్వం ఇటు నాలుగు చుట్లు, అటు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆ కవ్వాన్ని అడ్డంగా పడుకోబెట్టి, రెండు కొసల్నీ రెండు మేకుల మధ్య బిగించి, తిరుగుతున్న కర్రకి ఉలి ఆనిస్తే అదే తరిమెన. ఇంకేం లేదు.

చిలకడానికి ఎటు తిరిగినా ఒకటే. వెన్న రెండువైపులా వస్తుంది. కర్ర కోయడానికి అలా కుదరదు. ఉలి వైపుకి తిరిగినప్పుడే తెగుతుంది. వెనక్కి తిరిగినప్పుడు ఉలిని కొద్దిగా ఎత్తి ఆగాలి. మళ్లీ ముందుకి తిరిగినప్పుడు ఆనించాలి. ఆనించు, ఎత్తు, ఆనించు, ఎత్తు. రెండంగుళాల మందం కర్రకి చుట్టిన తాడు రెండడుగులు లాగితే దాదాపు నాలుగు చుట్లు తిరుగుతుంది. ఆ నాలుగు చుట్లలోనే పని కావాలి. తర్వాతి నాలుగు చుట్లు వృథా.

ఒక్కడే చేసుకునే పద్ధతీ ఉంది. కుడిచేత్తో విల్లులాంటి కర్రకి కట్టిన తాడు ఆడిస్తూ, ఎడమచేత్తో ఉలి పట్టుకుని, కాలివేళ్లతో ఉలిని అదుపు చేస్తూ నేలమీద కూర్చుని చేసేవాళ్లు. చిన్న వస్తువులకి అది చాలు. వస్తువు కాస్త పెద్దదైతే రెండు చేతులూ ఉలికే కావాలి. అప్పుడు ఎదురుగా ఇంకో మనిషి కూర్చుని తాడు లాగాలి.

ఈ ఇంకో మనిషి చాలా పాతవాడు. ఈజిప్టులో తూనా ఎల్ గెబెల్ దగ్గర పెటోసిరిస్ అనే పూజారి సమాధి ఉంది. క్రీస్తుపూర్వం 300 ప్రాంతానిది. దాని గోడమీద లేత్ శిల్పం ఉంది. లేత్‌కి ఇప్పటివరకూ తెలిసిన అతి పాత బొమ్మల్లో అదొకటి. అందులో ఇద్దరు ఉన్నారు. ఒకడు ఉలి పట్టుకున్నాడు, ఇంకొకడు తాడు లాగుతున్నాడు. యూరపులో తర్వాత ఆ రెండో మనిషి పని తప్పించడానికి తిప్పలు పడ్డారు. వంగే పొడుగాటి కొమ్మకి తాడు కట్టి, రెండో కొసని కాలితో తొక్కారు. కొమ్మ స్ప్రింగులా వెనక్కి లాగేది. పెద్ద పనులకి మనిషంత ఎత్తు చక్రం పెట్టి బెల్టు తగిలించారు. ఆ చక్రం తిప్పడానికి మళ్లీ పని నేర్చుకుంటున్న కుర్రాడే. మన దగ్గర చాలా ఇళ్లలో తాడు లాగినవాళ్లు బయటివాళ్లు కాదు. భార్య, కొడుకు, కూతురు, తమ్ముడు. కూలి లెక్కలో రెండో మనిషి కనబడరు, ఎందుకంటే ఇంట్లో మనిషికి కూలి ఉండదు.

క్షీరసాగర మథనం గుర్తుచేసుకోండి. అదీ కవ్వమే. మందరం కవ్వం, వాసుకి తాడు. రెండువైపులా లాగారు. లాగినవాళ్లలో సగంమందికి అమృతం దక్కలేదు. తాడు లాగడానికీ ఫలితం పంచుకోవడానికీ మధ్య ఉన్న తేడా మన పురాణాలకి తెలియంది కాదు.

ఆ చేతి బలం ఎంత? ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటలతరబడి చేయగలిగే పని సుమారు 75 వాట్లు. హార్స్‌పవర్‌లో పదోవంతు. అందులో సగం సమయం కర్ర వెనక్కి తిరగడానికే పోతుంది. ఈ చిటికెడు బలంతోనే పెటోసిరిస్ కాలం నుంచి మన తాతల కాలం దాకా మంచం కోళ్లూ బొమ్మలూ తయారయ్యాయి. కాబట్టి "చాలినంత పవర్" అంటే ఏమిటన్న ప్రశ్నకి చరిత్ర చెప్పే మొదటి జవాబు: పదోవంతు హార్సు కూడా చాలు, తొందర లేకపోతే, లాగే మనిషి దొరికితే.

ఇది ఇంకా బతికున్న చోటు చూడాలంటే గుంటూరు నుంచి విశాఖ వైపు వెళ్లే దారిలో, అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక గుర్తొస్తుంది. అంకుడు కర్రతో చేసే లక్క బొమ్మలు అక్కడివే. ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పసుపు, నీలిమందు, జాఫ్రా లాంటి వాటితో చేసే సహజ రంగుల్ని మళ్లీ వాడకంలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీలో కదిలిన ఆంధ్రప్రదేశ్ శకటం ఈ బొమ్మలదే.

లేత్‌కి బలం ఎందుకు కావాలో లక్క పని చూస్తే బాగా తెలుస్తుంది. అంకుడు మెత్తటి తెల్ల కర్ర. కోతకి పెద్ద బలం అక్కర్లేదు. బొమ్మ నునుపు తేలాక, రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి అదుముతారు. ఆ రాపిడికి వేడి పుట్టి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. లక్క మెత్తబడడానికి 70, 80 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి పొయ్యి నుంచి రాదు, తిరుగుడు నుంచే రావాలి. అంటే గట్టిగా అదిమినా బొమ్మ ఆగకూడదు. తర్వాత ఎండిన మొగలి రేకుతో రుద్దితే లక్క సమంగా పరుచుకుని మెరుస్తుంది. తాడు లాగే రోజుల్లో అదమడం పెరిగినకొద్దీ లాగే చేతులకి బరువు తెలిసేది. లక్క మెరుపులో ఉన్న వేడి అక్షరాలా ఆ చేతుల నుంచి వచ్చిందే.

మోటారు ఈ పనిలోకి రావాలంటే ముందు కరెంటు ఊళ్లోకి రావాలి. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1969లో ఢిల్లీలో పుట్టిన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఇచ్చిన అప్పులు ఎక్కువగా పంపుసెట్లకే వెళ్లాయి. అందుకే మన పల్లెల్లో మోటారు అంటే ముందు నీళ్ల మోటారు. సాగర్ నీళ్లు అందని మెట్ట పొలాల్లో పత్తికీ మిరపకీ బోర్లు దింపారు. మూడు హార్సులు, ఐదు హార్సులు అన్న మాట రైతుల నోట అలా నానింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. పొలానికి త్రీ ఫేజ్ రోజుకి ఇన్ని గంటలే అని లెక్క పెట్టారు. ఇంటికి మాత్రం సింగిల్ ఫేజ్. ఇంటి అరుగుమీద పనిచేసే వడ్రంగి మోటారు ఎంత పెద్దదో నిర్ణయించింది కర్ర కాదు, ఈ వైరే. సింగిల్ ఫేజ్ మీద రెండు మూడు హార్సులు దాటితే మోటారు ఎక్కడం కష్టం. దాంతో అర హార్సు, ఒక హార్సు దగ్గర ఆగేవాళ్లు ఎక్కువ.

అయితే అర హార్సు తక్కువేమీ కాదు. తాడు లాగే ఐదుగురి బలం. పైగా వెనక్కి తిరగడం లేదు. మొత్తం ముందుకే. మరి నా మిత్రుడికి ఏం చెప్పాలి?

మామూలు సింగిల్ ఫేజ్ మోటారు నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. ఒక హెచ్.పి. మోటారు ఆ వేగంలో రెండంగుళాల కర్రని తిప్పుతుంటే, కర్ర అంచు దగ్గర దాని లాగుడు సుమారు 20 కిలోల బరువుతో సమానం. ఉలి ఎంత నొక్కినా ఆగదు. అదే మోటారుకి అదే వేగంలో పన్నెండంగుళాల చెక్క గిన్నె బిగిస్తే అంచు దగ్గర లాగుడు సుమారు 3.3 కిలోలకి పడిపోతుంది. ఉలి ఆనగానే ఆగిపోతుంది. దానికంటే పెద్ద ప్రమాదం ఇంకోటి. ఆ గిన్నె అంచు సెకనుకి దాదాపు 23 మీటర్ల వేగంతో పోతుంటుంది. చెక్కలో పగులుంటే ముక్క మొహానికే వస్తుంది. అందుకే పెద్ద చెక్కకి వేగం తగ్గించాలి. పుల్లీలు మార్చి మూడోవంతుకి తగ్గిస్తే, బలం మూడింతలై అంచు దగ్గర పది కిలోల లాగుడు వస్తుంది. మోటారు అదే, కరెంటు అదే.

ఇక్కడ కొత్తగా కొనేవాళ్లు మోసపోయే చోటు ఒకటుంది. మీట తిప్పితే వేగం తగ్గే ఎలక్ట్రానిక్ లేత్‌లు ఇప్పుడు ఎక్కువ. వాటిలో వేగం తగ్గితే తిప్పే బలం పెరగదు. మూడోవంతు వేగంలో మోటారు ఇచ్చే పవర్ కూడా మూడోవంతే. ఒక హార్సు కొన్నామనుకుంటాం, గిన్నె దగ్గర మిగిలేది హార్సులో మూడోవంతు. అందుకని మీటతోపాటు రెండు మూడు పుల్లీ మెట్లు కూడా ఉన్నదే తీసుకోవాలి. ప్రకటనలో పెద్దక్షరాల హెచ్.పి. కాకుండా మోటారుకి అతికించిన పేరుపలక మీద కిలోవాట్లు చూడాలి. 0.37 అని ఉంటే అర హార్సు, 0.75 అని ఉంటే ఒకటి. బొమ్మలు, కవ్వాలు, పెన్నులకి అర హార్సు చాలు. మంచం కోళ్లకీ ఎనిమిదంగుళాల గిన్నెలకీ ఒకటి. అంతకంటే పెద్ద తుమ్మ, వేప మొద్దుల గిన్నెలు తీయాలంటే ఒకటిన్నర, రెండు. అంతకు మించి ఇంట్లో పెట్టుకునే లేత్‌కి అక్కర్లేదు.

ఎక్కువ ఉంటే ఏం పోతుంది? తరచుగా వచ్చే ప్రశ్న. పోయేది ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల ఉలి ఏదో ఒకప్పుడు కర్రలో దిగబడుతుంది. అర హార్సు మోటారైతే బెల్టు జారుతుంది, కర్ర ఆగుతుంది, గుండె దడ తగ్గాక మళ్లీ మొదలెడతారు. రెండు హార్సుల మోటారు ఆగదు. ఉలి విరుగుతుంది, లేకపోతే కర్ర ఎగురుతుంది, లేకపోతే మణికట్టు.

తాడు లాగే మనిషి అయితే ఏం చేసేవారు? ఆపేవారు. ఈ సంగతి దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఉలి దిగబడగానే ఆ అదురు తాడులోంచి చేతికి తెలుస్తుంది. లాగేవాళ్లు వదిలేస్తారు. పని సున్నితంగా ఉన్న చోట మెల్లగా, లక్క అదిమే చోట గట్టిగా, చివరి నునుపుకి ఒకే తీరుగా లాగాలి. ఉలి ఎత్తే క్షణమూ తాడు తిరిగే క్షణమూ కలవాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిలో ఒకరు ఇంకొకరి చేతిని చూస్తూనో, ఉలి చప్పుడు వింటూనో ఉండాలి. అది కేవలం బలం కాదు. ఇప్పటి ఖరీదైన లేత్‌లలో ఉలి దిగబడితే మోటారుని ఆపే సర్క్యూట్ పెడుతున్నారు. దానికి వేరే డబ్బు. తాడు లాగిన ఇల్లాలు ఆ పని ఊరికే చేసింది.

మోటారు వచ్చినప్పుడు ఆమె స్థానంలో వచ్చింది పదోవంతు హార్సు బలం మాత్రమే అనుకున్నాం. ఎందుకంటే వాట్ లెక్కలో పట్టేది అదొక్కటే. బరువు, దూరం, సమయం. వినడం, ఆపడం, చేయి కలపడం ఆ లెక్కలో పట్టవు. కారం దంచిన రోకలి విషయంలోనూ అంతే. మిల్లు వచ్చి భుజాల నొప్పి తీసింది, దాన్ని కాదనడానికి నేనెవర్ని? ఎండు మిరపకాయలు రోట్లో వేసి దంచిన వాళ్లనడిగితే మిల్లుకే దణ్ణం పెడతారు. తాడు లాగిన పిల్లలు బడికి వెళ్లగలగడం చిన్న సంగతి కాదు. మోటారు వద్దనే మాట వాళ్ల తరఫున ఎవరూ అనకూడదు.

అయితే చరిత్ర రాసేటప్పుడు మనం ఇంకో తప్పు చేస్తాం. మోటారు రాకముందు ఆ పని "ఒక్క" కళాకారుడు చేశాడని రాస్తాం. తరిమెన పట్టినవాడి పేరు ఊళ్లో కొన్నాళ్లయినా నిలుస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి పనిలో భాగం కాదు, పనిముట్టులో భాగం అయిపోతుంది. పెటోసిరిస్ సమాధి చెక్కినవాళ్లు అంతకంటే నిజాయితీగా ఉన్నారు. ఇద్దర్నీ చెక్కారు.

నా మిత్రుడికి చివరికి చెప్పింది ఇది. ఒక హార్సు తీసుకో, పుల్లీ మెట్లున్నది చూసుకో. మొదటి ఆరు నెలలు చిన్న పనులు చెయ్యి. ఉలి ఆనించినప్పుడు మోటారు చప్పుడు మారుతుంది. ఆ మార్పు వినడం అలవాటు చేసుకో. ఎదురుగా ఆపే మనిషి లేరు కాబట్టి ఆ పని కూడా ఇక నీదే. మొదట ఏం చేస్తావని అడిగితే, "కవ్వం" అన్నాడు. వాళ్లింట్లో మిక్సీ ఉంది, కవ్వం అక్కర్లేదు. అయినా బాగుంది. మోటారు పేరుపలక మీద కిలోవాట్లు రాసి ఉంటాయి, కంపెనీ పేరు ఉంటుంది, తయారైన సంవత్సరం ఉంటుంది. తాడు లాగినవాళ్లకి అలాంటి పలక లేదు. వాళ్లు మిగిల్చిన ఒక వస్తువుని తయారుచేయడంతో మొదలుపెట్టడం నాకు నచ్చింది.